పెన్సిలిన్ పడదన్న మాట

“నాకు పెన్సిలిన్ పడదు” అనే మాట వైద్యశాలలో తరచుగా వినవచ్చేదే. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం నూటికి 10 మంది రోగుల చీటీలపై ఈ మాట ఉంటుంది. అట్టివారిని క్రమపద్ధతిలో పరీక్షిస్తే నూటికి 90 మందికి పైగా ఆ మందును నిరపాయంగా పుచ్చుకోగలుగుతున్నారు.

మరి ఆ మాట ఎట్లు వచ్చినది? మందు మింగిన పిమ్మట కడుపులో త్రిప్పుట, విరేచనాలగుట ఎలర్జీ కాదు. వైరస్ జ్వరంలో పిల్లల ఒంటిపై లేచిన దద్దురును అప్పుడు వాడుతున్న మందుకు అంటగట్టడమూ కద్దు. నిజమైన ఎలర్జీ సైతం కొన్నేళ్లకు మాసిపోవచ్చు. 10 ఏళ్లు గడిచేసరికి నూటికి 80 మందిలో అది కానరాదు. చీటీ మీది మాట మాత్రం చెరగదు.

దీనివలన నష్టమేమని విద్యార్థులు అడుగవచ్చు. రుమాటిక్ జ్వరం వచ్చిన బాలునికి గుండె కవాటాలు చెడకుండా 3, 4 వారాలకొకసారి, ఏళ్ల తరబడి, బెంజథీన్ పెన్సిలిన్ ఇవ్వవలసి ఉంటుంది. సిఫిలిస్ సోకిన గర్భిణికి నమ్మదగిన మందు ఇదొక్కటే. తప్పుడు ముద్ర వీరిని ఉత్తమమైన చికిత్సకు దూరం చేస్తుంది.

కనుక ముందు రోగిని సావకాశంగా ప్రశ్నించవలె. ప్రతిచర్య ఎప్పుడు జరిగినది? మందు తీసుకొన్న ఎంతసేపటికి? చికిత్స అవసరమైనదా? అటుపిమ్మట అదే కుటుంబపు మందు వాడినారా? పెన్సిలిన్ పడదన్న మనిషే పంటినొప్పికి ఆమాక్సిసిలిన్ వేసుకొని సుఖపడినానని చెప్పడం వింత కాదు. అదీ పెన్సిలిన్ జాతిదేనని ఆయనకెవరూ చెప్పలేదు!

2020లో ప్రకటితమైన పెన్‌ఫాస్ట్ పద్ధతిలో, ప్రతిచర్య 5 ఏళ్లలోపుదైతే 2, అనాఫిలాక్సిస్, ముఖం వాపు లేక తీవ్రమైన చర్మవ్యాధి కలిగితే 2, చికిత్స అవసరమైతే 1 మార్కు. మొత్తం 3కు తక్కువైతే అపాయం స్వల్పం. అట్టివారికి చర్మపరీక్ష లేకుండానే, వైద్యుని కనుసన్నలలో, ఒక మోతాదు నోటిద్వారా ఇచ్చి చూడవచ్చునని 2023లో వెలువడిన పరిశోధన తేల్చినది. ఇంటివద్ద చేయదగిన పని కాదిది. చర్మం బొబ్బలెత్తి ఊడిపోయినవారికి, నోరు, కండ్లు పుండ్లు పడినవారికి ఈ పరీక్ష ఎన్నడూ తగదు.

మన వైద్యశాలలలో ఇంజెక్షనుకు ముందు ముంజేతి చర్మంలో కొద్దిమందు ఎక్కించి చూచే ఆచారముంది. అది శుభంగా ముగిసినంత మాత్రాన నిశ్చింత తగదు. సిద్ధంగా ఉండవలసినది అడ్రినలిన్. ఊపిరాడక, రక్తపోటు పడిపోయినప్పుడు పెద్దవారికి తొడ వెలుపలి కండరంలో అర మిల్లీగ్రాము వెంటనే ఇవ్వవలె. ఎలర్జీ మాత్రలు, స్టెరాయిడ్లు దానికి ప్రత్యామ్నాయాలు కావు.

పరీక్షలో నెగ్గిన రోగికి ఆ సంగతి కాగితంపై వ్రాసి ఇచ్చి, పాత చీటీలోని మాటను అప్పుడే కొట్టివేయవలె. లేనియెడల మరుసటి వైద్యుడు మరల ఆ పాత మాటనే నమ్ముతాడు.