పర్సు మూయండి.. కళ్లు తెరవండి!

షాపింగ్ అంటే ఖర్చేనా? ఆ అభిప్రాయాన్ని ఈరోజే మార్చుకోండి. బజారులో అన్నింటికన్నా విలువైన సరుకు ఒకటుంది. దానికి ధర చీటీ ఉండదు. జీఎస్టీ పడదు. అదే ఐడియా! చూడటం తెలిసినవాళ్లు రూపాయి తీయకుండానే దాన్ని ఇంటికి తెచ్చుకుంటారు. ఆ చూపు ఎవరికైనా అలవడుతుంది. మీకూ అలవడుతుంది.

యాపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ అమెరికాలోని మేసీస్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో తిరుగుతూ ఫుడ్ ప్రాసెసర్లను చూశారు. వాటి నున్నటి రూపం ఆయనకు నచ్చింది. తమ కంప్యూటర్‌కూ అలాంటి తేలికైన ప్లాస్టిక్ కేసే కావాలనుకున్నారు. 1977లో వచ్చిన యాపిల్-2 అలా తయారైంది.

వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ సంగతి చూడండి. మిన్నెసోటాలో రెండు షాపులు సెల్ఫ్ సర్వీస్ పెట్టాయని తెలిసి, రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి మరీ వెళ్లారు. చూశారు. నచ్చింది. తన షాపులోనూ పెట్టేశారు. పోటీదారుల షాపులకు వెళ్లి నోట్స్ రాసుకోవడం ఆయన ఏనాడూ మానలేదు.

ఇద్దరూ బజారుకు ఒక ప్రశ్నతో వెళ్లారు. మీరు నేర్చుకోవాల్సింది కూడా అదే. ఇవిగో ఆరు మెట్లు.

1. ఒక్క ప్రశ్న రాసుకోండి

ఊరికే తిరిగితే కాళ్లనొప్పులే మిగులుతాయి. బయల్దేరే ముందు చిన్న నోట్‌బుక్‌లో ఒక ప్రశ్న రాయండి. 'చిన్న వంటింట్లో సామాను ఎలా సర్దాలి?' 'హాల్లో ఏ రంగులు బాగుంటాయి?' 'నా టిఫిన్ సెంటర్ బోర్డు ఎలా ఉండాలి?' ప్రశ్న ఉంటే కళ్లు జవాబు వెతుకుతాయి.

2. ఖర్చుకు ముందే తాళం వేయండి

ఇప్పుడు మన పర్సు ఫోన్లోనే ఉంది. స్కాన్ చేస్తే చాలు, డబ్బు వెళ్లిపోతుంది. కాబట్టి కార్డులు ఇంట్లో పెట్టండి. దారి ఖర్చులకు, టీకి సరిపడా నగదు తీసుకోండి. ఫోన్ బ్యాగులో అడుగున వేయండి. 'ఈరోజు కొనను' అని వెంట వచ్చేవాళ్లకు ముందే చెప్పండి. నలుగురికి చెప్పిన మాట నిలబెట్టుకోవడం తేలిక.

3. మూడుసార్లు చూడండి

మొదట దూరం నుంచి. మీ చూపు ఎక్కడ ఆగింది? తర్వాత దగ్గర నుంచి. ఏ రంగు పక్కన ఏ రంగు ఉంది? లైటు ఎటు నుంచి పడుతోంది? చివరగా, 'ఇదెలా చేశారు?' అని అడగండి.

పుట్టపాక తేలియా రుమాల్‌నే తీసుకోండి. అందులో ప్రధానంగా కనిపించేవి మూడే రంగులు: ఎరుపు, నలుపు, తెలుపు. అయినా ఎంత నిండుగా ఉంటుంది! మీ గదికైనా, ఆఫీసు ప్రెజెంటేషన్‌కైనా మూడు రంగులు చాలని ఆ గుడ్డ చెబుతోంది.

కొండపల్లి బొమ్మ చూశారా? తేలికైన తెల్ల పొనికి కర్రతో భాగాలను విడివిడిగా చెక్కుతారు. తర్వాత చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. పెద్ద పనిని ముక్కలు చేసుకుంటే సులువవుతుందన్న పాఠం అక్కడే ఉంది.

4. అమ్మేవాళ్ల కిటుకులు మీ మంచికి వాడండి

సూపర్‌మార్కెట్లో ఎక్కువగా అమ్మాలనుకున్న సరుకును కంటి ఎత్తులో పెడతారు. బిల్లింగ్ కౌంటర్ పక్కన చాక్లెట్లు ఉంచుతారు. ఎందుకు? కంటికి కనిపించేదే చేతికి వస్తుంది కాబట్టి.

ఆ కిటుకును ఇంట్లో వాడండి.
- పండ్లు డైనింగ్ టేబుల్ మీద, చిప్స్ డబ్బా అటక మీద.
- పిల్లల కథల పుస్తకాలు వాళ్ల కళ్లకు ఎదురుగా.
- వాకింగ్ షూస్ గుమ్మం పక్కనే.

అలవాటు మార్చుకోవడానికి ఇంతకన్నా చౌకైన మార్గం లేదు.

5. షాపువాళ్ల సమయాన్ని గౌరవించండి

'ఈరోజు చూడ్డానికే వచ్చానండీ' అని ముందే చెప్పండి. కొనే ఉద్దేశం లేనప్పుడు చీరలు మడతలు విప్పించకండి. పండగ రద్దీలో వెళ్లకండి. పనిరోజు మధ్యాహ్నం మేలు. ఫొటో తీయాలంటే అనుమతి అడగండి. కళాకారుల డిజైన్‌ను కాపీ కొట్టి అమ్ముకోకండి. అది వాళ్ల కూడు. మర్యాదగా అడిగితే తమ పని గురించి చెప్పడానికి చాలామంది ఇష్టపడతారు.

6. మనసు లాగితే రాయండి

ఏదో వస్తువు కట్టిపడేసిందా? దాని పేరు, ధర రాయండి. పక్కనే 'ఎందుకు నచ్చింది?' అని రాయండి. చాలాసార్లు మీకు నచ్చింది దాని రంగో, అమరికో అయి ఉంటుంది. ఆ రంగు పాత చీరలో దొరకవచ్చు. దాన్ని కుషన్ కవర్లుగా కుట్టించండి. ఆ అమరిక మీ అల్మరాలోనే కుదరవచ్చు. నెల తర్వాత కూడా అది అవసరమే అనిపిస్తే, బడ్జెట్‌లో రాసుకుని ధైర్యంగా కొనండి.

ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్‌లో ఉంటే గాజుల మెరుపులకు లాడ్ బజార్, ఆదివారం పాత పుస్తకాలకు అబిడ్స్ ఫుట్‌పాత్, చేతిపనులకు శిల్పారామం. విజయవాడలో ఉంటే బీసెంట్ రోడ్డు. దగ్గర్లో లేపాక్షి ఎంపోరియం ఉంటే ఆంధ్ర చేతివృత్తులను ఒకేచోట చూడొచ్చు. ఇవేవీ అందుబాటులో లేవా? మీ ఊరి సంతకు వెళ్లండి. కూరగాయలను రాశులుగా పేర్చే తీరులోనూ నేర్చుకోవడానికి ఎంతో ఉంది.

ఇంటికి రాగానే అసలు పని మొదలవుతుంది. 24 గంటల్లో ఒక్క ఐడియా అమలు చేయండి. ఒక్కటే! అరలు సర్దండి. గోడ మీది ఫొటోల వరుస మార్చండి. అమలు చేయని ఐడియా నోట్‌బుక్‌లోనే ముసలిదైపోతుంది.

కొనలేకపోతున్నానన్న బాధ మీకిక వద్దు. కొనకూడదని మీరే నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయమే మీ బలం. ఈ వారమే ఒక ప్రశ్న రాసుకుని బయల్దేరండి. మర్నాటికి మీ ఇంట్లో ఏదో ఒకటి మారి తీరాలి!