ఆయుధముల చట్టము – శ్రావకుని వ్రతము

గృహస్థునకు సంభవించు హింసను మన పెద్దలు నాలుగు విధములుగా విభజించిరి. కావలెనని చంపుట సంకల్పీ హింస. ఇది సర్వథా వర్జ్యము. ఇంటి పనులలో కలుగునది ఆరంభీ, వృత్తిలో కలుగునది ఉద్యోగీ, ఆత్మరక్షణలో కలుగునది విరోధీ. ఈ మూడింటిని గృహస్థుడు పూర్తిగా విడువజాలడు గాని తగ్గించుకొనవలెను. హంపిలో 1385లో కుంథునాథ జినాలయమును కట్టించిన ఇరుగప్ప విజయనగర దండనాయకుడు. కావున ఆయుధము పట్టినంతనే శ్రావకత్వము పోదు.

వర్తకుడు జాగ్రత్తపడవలసిన చోటు వేరు. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో అనర్థదండములైదింటిలో హింసాదానము నొకటిగా చెప్పిరి. గొడ్డలి, కత్తి, గునపము, నిప్పు వంటి చంపు సాధనములను పరుల కిచ్చుట హింసాదానము. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో విషవాణిజ్యమునందు ఆయుధముల అమ్మకమునుగూడ చేర్చిరి.

ఇక రాజశాసనము. 1800లో నిజాము దత్తమండలమును కంపెనీకి ఇచ్చునాటికి బళ్లారి సీమలో పాళెగాండ్రకు సాయుధ బలగము లుండెను. మన్రోదొర 1807 వరకు ఇచ్చట కలెక్టరుగా నుండి వారి బలము నణచెను. 1878 నాటి ఆయుధముల చట్టము దేశప్రజలందరిని నిరాయుధులను చేయ నుద్దేశించినది. స్వతంత్ర భారత పార్లమెంటు దానిని తీసివేసి 1959లో క్రొత్త చట్టము చేసెను. అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను.

ఈ చట్టము కేంద్రమునకు చెందినది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు, బళ్లారి మైసూరునకు చేరినను ఉభయులకును చట్టమొక్కటే. కాని లైసెన్సు ఏ ప్రాంతమున చెల్లునో అందులోనే వ్రాసియుండును. కర్ణాటకమునకు మాత్రమే ఇచ్చిన లైసెన్సుతో వసూళ్లకై గుంతకల్లునకో ఆదోనికో తుపాకి తీసికొనిపోరాదు.

వర్తక కుటుంబములు గుర్తుంచుకొనవలసినవి:

1. ఇంటికి, సేద్యమునకు మాత్రమే చేసిన కత్తిపీట, కొడవలి వంటివి చట్టప్రకారము ఆయుధములు కావు. ఇవి గాక 9 అంగుళములకు మించిన పొడవు గాని, 2 అంగుళములకు మించిన వెడల్పు గాని గల అలుగుతో చేసిన కత్తులు, బాకులు, బల్లెములు అమ్ముటకు లైసెన్సు కావలెను.

2. తుపాకి యజమాని మరణించినచో వారసులు దానిని బీరువాలో దాచియుంచరాదు. ఆలస్యము చేయక పోలీసు స్టేషనునందు గాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారియొద్ద గాని అప్పగించి, పిదప తమ పేర లైసెన్సు కోరవలెను.

3. 2019 సవరణ ప్రకారము ఒకరికి రెండు తుపాకులే, అంతకుముందు మూడు. పెండ్లి ఊరేగింపులలో ఇతరులకు అపాయము కలుగునట్లు కాల్చినవారికి రెండేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును.

4. అదే సవరణచే లైసెన్సు లేక ఆయుధములు తయారుచేసినను, అమ్మినను ఏడేండ్లకు తక్కువగాని శిక్ష. అది యావజ్జీవము వరకు పోవచ్చును.

చట్టమునకు, వ్రతమునకు భేదమిది. లైసెన్సున్నదా, అలుగు ఎంత పొడవు అని చట్టము అడుగును. ఈ వస్తువు ఎవరి చేతికి, ఏ పనికి పోవుచున్నదని వ్రతము అడుగును. పొలమునకని అడిగిన రైతునకు కొడవలి అమ్ముట ఉద్యోగీ. పగతో ఊగిపోవుచు వచ్చినవానికి అదే కొడవలి ఇచ్చుట హింసాదానము. అచ్చట చట్టము వర్తకుని పట్టుకొనకపోవచ్చును. వ్రతము పట్టుకొనును. ఒక బేరము పోయినను నష్టము స్వల్పమే.

విచారింపదగిన ప్రశ్నలు:
ఇంట పెద్దల నాటి తుపాకి యున్నచో దాని లైసెన్సు ఎవరి పేర నున్నది?
అంగడిలోని సరకులో అమ్మకూడనిది ఏది? ఎవరికి అమ్మకూడదు?