మందకొడి బజారులో ఇంటికి ధర కట్టడం

మిర్చి ధర పడితే యార్డులో ఆ పూటే తెలిసిపోతుంది. ఉదయం బేరాల్లో క్వింటాలుకు రెండు వందలు తగ్గితే, కోల్డు స్టోరేజీలో కదలకుండా పడి ఉన్న టిక్కీకి కూడా మధ్యాహ్నానికల్లా ఆ ధరే వర్తిస్తుంది. సరుకుదారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా లెక్క మారిపోతుంది.

ఇళ్ళ బజారు అలా నడవదు. ఏ రెండు ఇళ్ళూ ఒక్క తీరున ఉండవు. రోజూ పాట జరగదు. తెగిన బేరం ఎంతకు తెగిందో బోర్డు మీద ఎవరూ రాయరు. గిరాకీ సన్నగిల్లినప్పుడు ఇక్కడ మొదట తగ్గేది ధర కాదు, బేరాల సంఖ్య. అమ్మకందార్లు పాత ధరే చెబుతుంటారు, కొనేవారు వచ్చి చూసి మళ్ళీ కబురు చేస్తామని వెళ్ళిపోతుంటారు. 'లావాదేవీలు మందకొడిగా ఉన్నా ధరలు నిలకడగానే ఉన్నాయి' అనే మాట ఇటువంటప్పుడే వినవస్తుంది. నిజానికి నిలకడగా ఉన్నది చెప్పే ధర మాత్రమే. తెగే ధర అప్పటికే కిందికి దిగి ఉంటుంది.

ఈ రెండు ధరల మధ్య ఎడం ఎంతవరకు పెరుగుతుందో, దానికి కారకులెవరో లెక్కలతో తేలిన ఉదాహరణ ఒకటి ఉన్నది. అది అమెరికాలోని బోస్టన్ నగరానిది.

బోస్టన్ అనుభవం

బోస్టన్‌లో 1982 నుండి 1989 వరకు ఫ్లాట్ల ధరలు 170 శాతం పెరిగాయి. ఆ తర్వాత ఆ ప్రాంతానికి అన్నం పెట్టిన మినీకంప్యూటర్ పరిశ్రమ దెబ్బతిన్నది. రక్షణ శాఖ కాంట్రాక్టులు తగ్గాయి. స్థిరాస్తుల మీద ధారాళంగా అప్పులిచ్చిన బ్యాంకులు చిక్కుల్లో పడి, 1991 జనవరిలో బ్యాంక్ ఆఫ్ న్యూ ఇంగ్లండ్ మూతపడింది. శిఖరం దాటిన నాలుగేళ్ళలో ఫ్లాట్ల ధరలు 40 శాతం పడిపోయాయి.

డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1990వ దశకంలో ఆ నగరం నడిబొడ్డున అమ్మకానికి వచ్చిన ఫ్లాట్ల వివరాలను పరిశీలించి 2001లో ఫలితాలు ప్రకటించారు. బజారు అడుగంటిన 1992లో కొత్తగా అమ్మకానికి పెట్టినవారు సగటున వాస్తవ విలువకన్నా 35 శాతం ఎక్కువ చెప్పారు. ఆ ఫ్లాట్లలో 180 రోజుల లోపు అమ్ముడుపోయినవి నూటికి 30 కూడా లేవు. బజారు కోలుకున్న 1997లో ఆ తేడా 12 శాతానికి దిగింది, అమ్మకాలు నూటికి 60 దాటాయి. గిరాకీ ఉన్నప్పుడు సరసమైన ధర, గిరాకీ లేనప్పుడు చుక్కల్లో ధర! సరుకుల వర్తకంలో ఎవరైనా ఇలా చేస్తే కొట్టు మూసుకోవలసిందే.

ఎక్కువ చెప్పినది ఎవరన్నదే ఇందులో కీలకం. ఒకే భవనంలో, ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉన్న రెండు ఫ్లాట్లు తీసుకుందాం. ఒకరు 1984లో చౌకలో కొన్నారు, మరొకరు 1989లో శిఖరం మీద కొన్నారు. కొనడానికి వచ్చినవాడికి రెండూ ఒకటే. అయినా 1989లో కొన్నాయన తన నష్టాన్ని ధరలో కలిపి చెబుతాడు. పోయేలా ఉన్న ప్రతి రూపాయికీ 25 నుండి 35 పైసలు అదనంగా వేసుకున్నట్టు ఆ పరిశీలనలో తేలింది. సొంతానికి నివసించేవారిలో ఈ పట్టుదల, పెట్టుబడికి కొన్నవారిలో కన్నా రెట్టింపు. పెట్టుబడిదారు కూడా దీనికి అతీతుడు కాడన్నది గమనించదగ్గ సంగతి.

అయితే పట్టుబట్టినవారందరూ వట్టి చేతులతో వెళ్ళారనుకోవడం పొరపాటు. అమ్ముడుపోయినచోట వారికి ఎంతో కొంత ఎక్కువే ముట్టింది. నష్టంలో రూపాయికి 3 నుండి 18 పైసలు తిరిగి రాబట్టుకున్నారు. కాని అమ్ముడుపోయే అవకాశం మాత్రం ఇతరులకన్నా చాలా తక్కువైంది. కనుక ఎక్కువ చెప్పడం తప్పా ఒప్పా అని కాక, ఆ 3 నుండి 18 పైసల కోసం ఎన్ని నెలలు ఆగవచ్చునని అడగాలి.

నెల ఆగితే ఎంత?

మన దగ్గర ఒక ఫ్లాటును ఊహించి లెక్క వేద్దాం. కొన్న ధర 90 లక్షలు. అటువంటివి ఇప్పుడు 70 లక్షలకు తెగుతున్నాయి. నష్టం 20 లక్షలు. బోస్టన్ వారి పద్ధతిలో యజమాని 5 నుండి 7 లక్షలు అదనంగా చెబుతాడు. చివరకు అతనికి అదనంగా వచ్చేది 60 వేల నుండి 3 లక్షల 60 వేల వరకు.

ఇక ఖర్చు. బజారు నెలకు నూటికి రూపాయి చొప్పున పడుతున్నదనుకుంటే 70 వేలు. చేతికి రావలసిన 70 లక్షల మీద నూటికి నెలకు 70 పైసల వడ్డీ వేసినా 49 వేలు. మెయింటెనెన్సు, ఇంటి పన్ను కలిపి 4 వేలు. ఖాళీగా ఉన్న ఫ్లాటు నెల తిరిగేసరికి 1 లక్ష 23 వేలు తింటుంది. అంటే 60 వేల అదనపు రాబడి కోసం రెండు వారాలు ఆగవచ్చు. 3 లక్షల 60 వేల కోసమైతే మూడు నెలలు తిరగకముందే ఆ లాభం హరించుకుపోతుంది. అద్దెకున్నవారు ఉండి నెలకు 15 వేలు ఇస్తుంటే ఇంకో పది రోజులు కలిసివస్తాయి. అంతకుమించి కాదు.

కోల్డు స్టోరేజీ అద్దె, వడ్డీ, తగ్గే రంగు లెక్కవేసుకొని సరుకు తీసే వర్తకుడు సొంత ఇంటి దగ్గరకు వచ్చేసరికి ఈ కూడిక చేయడు. ఇల్లు ఎక్కడికీ పోదు కదా అంటాడు.

మెట్లు మెట్లుగా దిగేవారి నష్టం ఇంకా ఎక్కువ. అదే ఫ్లాటుకు మొదట 80 లక్షలు చెప్పారనుకుందాం. మూడు నెలలు గడిచాక 75కు దిగారు. అప్పటికి బజారు 68 లక్షల దాపులో ఉన్నది. ఆరో నెలలో మనసు రాయి చేసుకొని 70 అన్నారు. మొదటి రోజున ఆ ధర చెప్పి ఉంటే ఇల్లు అమ్ముడుపోయేది. ఇప్పుడు బజారు 66 లోపు. తొమ్మిదో నెలలో 63 లక్షల 70 వేలకు బేరం తెగింది. ధరలో పోయినది 6 లక్షల 30 వేలు, తొమ్మిది నెలల వడ్డీ, ఇతర ఖర్చులు 4 లక్షల 77 వేలు. మొత్తం 11 లక్షలు దాటింది. తగ్గించిన ప్రతిసారీ ధర నిన్నటి బజారును అందుకున్నదే తప్ప ఆనాటి బజారును అందుకోలేదు. పైగా తొమ్మిది నెలలుగా బోర్డు వేలాడుతున్న ఇంట్లో ఏదో లోపం ఉన్నదని వచ్చినవారు శంకిస్తారు. తగ్గించిన ధర చూసి ఇంకా తగ్గుతుందని ఆగేవారూ ఉంటారు.

అందువల్ల పడుతున్న బజారులో ధర ఒక్కసారే, మొదటి రోజునే, తెగుతున్న ధరకు ఒక మెట్టు కిందుగా చెప్పాలి. 70 లక్షలకు తెగుతున్నచోట 69 చెప్పినవాడి ఇంటికి జనం ముందు వస్తారు. ఒకటికి ఇద్దరు వస్తే బేరమాడే బలం అమ్మేవాడికి దక్కుతుంది. మందకొడి బజారులో ఆ బలం రావడానికి వేరే దారి లేదు. 75 చెప్పి 70కి దిగుదామనుకునేవారి దగ్గరకు ఆ బేరమాడే మనిషే రాడు. 70 లక్షలు పెట్టగలవాడు 75 అనే మాట విని పక్క వీధికి వెళతాడు.

తెగుతున్న ధర తెలిసేదెలా?

పక్కింటివారు చెబుతున్న ధర కొలమానం కాదు. వారిదీ అమ్ముడుపోలేదు కదా. దస్తావేజులో కనిపించే ధర కూడా చాలాచోట్ల అసలు ధర కాదు, ప్రభుత్వ విలువకు సరిపెట్టి రాసింది. అసలు ధరే రాసినా అది పాతది. అగ్రిమెంటు రాసుకున్న రెండు మూడు నెలలకు రిజిస్ట్రేషన్ జరుగుతుంది కనుక ఈ నెల దస్తావేజులో ఉన్నది ఆనాటి ధర. దాని నుండి ఆ రెండు మూడు నెలల తరుగు తీసివేయాలి. గడిచిన మూడు నెలల్లో అదే పేటలో బయానా ముట్టిన బేరాలు నాలుగైదు, ఇద్దరు ముగ్గురు బ్రోకర్ల నోట విడివిడిగా వినడం ఉత్తమం.

బిల్డర్ల దగ్గర మిగిలిన ఫ్లాట్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. బిల్డరు చదరపు అడుగు ధర తగ్గించడు. తగ్గిస్తే అంతకుముందు కొన్నవారు గొడవ చేస్తారు. దానికి బదులు కారు పార్కింగు ఉచితం అంటాడు, వంటగది పని చేసి ఇస్తానంటాడు, రిజిస్ట్రేషన్ ఖర్చు తానే పెట్టుకుంటాడు. వీటిని రూపాయల్లోకి మార్చి అతని ధరలోంచి తీసివేస్తే అసలు పోటీ ధర బయటపడుతుంది. పాత ఇంటికి ఒక అనుకూలత లేకపోలేదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జి.ఎస్.టి. పడుతుంది, పూర్తయి చేతులు మారే ఇంటికి పడదు. అమ్మేవారు ఈ మాట కొనేవారికి విడమరచి చెప్పాలి.

బ్రోకరు మాటకూ ఒక తరుగు ఉన్నది. ఇల్లు తన చేతికి రావాలని కొందరు యజమాని కోరిన ధరకు తల ఊపుతారు. బోర్డు కట్టిన నెల రోజులకు, బజారు బాగా లేదు, కాస్త తగ్గించండని మొదలుపెడతారు. మొదటి రోజునే 69 అని చెప్పే బ్రోకరు యజమానికి చేదుగా కనిపిస్తాడు. నూటికి ఒకటో రెండో కమిషను బేరం తెగితేనే గాని రాదు కనుక, అమ్ముడుపోని ఇంటిని తొమ్మిది నెలలు తిప్పి చూపడంలో అతనికీ పెట్రోలు ఖర్చే మిగులుతుంది.

అమ్మే అవసరం లేనివారి సంగతి వేరు. బోస్టన్‌లో 1997 నాటికి ధరలు దాదాపు పాత శిఖరానికి చేరాయి. శిఖరం నుండి ఎనిమిదేళ్ళు పట్టింది. అమెరికా మొత్తం మీద 2006లో మొదలైన పతనం 2012 వరకు సాగి, సుమారు 27 శాతం పోయింది. పాత శిఖరాన్ని మళ్ళీ తాకడానికి 2016 వచ్చింది. జపాన్‌లో 1991 శిఖరం తర్వాత భూముల సగటు ధర వరుసగా 15 ఏళ్ళు పడుతూనే వచ్చింది. ఏది బోస్టన్, ఏది జపాన్ అన్నది ముందుగా చెప్పగలవారు లేరు. అప్పు లేక, అద్దె వస్తున్నవారు ఆగదలిస్తే బోర్డు తీసివేసి ఆగడం మేలు. అమ్ముడుపోని ధరతో బోర్డు ఉంచితే తర్వాత నిజంగా అమ్మదలచిన నాడు ఆ ఇంటికి మచ్చ మిగులుతుంది.

ధర కిందికి దించేటప్పుడు ఒక గీతను మాత్రం చూసుకోవాలి. ప్రభుత్వం కట్టిన రిజిస్ట్రేషన్ విలువ బజారు వెంట అంత త్వరగా దిగదు. కొనేవారు స్టాంపు రుసుము ఆ విలువ మీదనే చెల్లించాలి. ఆ విలువ అమ్మకం ధరకన్నా 10 శాతానికి మించి ఎక్కువగా ఉంటే, ఆదాయపు పన్ను శాఖ అమ్మినవారి లాభాన్ని ప్రభుత్వ విలువ ప్రకారమే లెక్కిస్తుంది, తేడాను కొన్నవారి ఆదాయంలోనూ కలుపుతుంది. పై ఫ్లాటుకు ప్రభుత్వ విలువ 70 లక్షలైతే, 63 లక్షల 70 వేలకు అమ్మినవారు గీత లోపల ఉన్నట్టే. 63 లక్షలకు అమ్మితే గీత దాటినట్టు. నిజంగానే బజారు అంతకు పడిపోయిందనుకున్నవారు, విలువ నిర్ణయానికి వాల్యుయేషన్ అధికారికి పంపమని పన్ను అధికారిని కోరవచ్చు. బయానా పుచ్చుకునే ముందే ఆడిటరు చేత ఈ లెక్క వేయించుకోవడం మంచిది.