రోడ్డు పొగ – ఎదిగే మెదడు

వాహనాల పొగ అనగానే మనకు గుర్తొచ్చేవి దగ్గు, ఆయాసం, కళ్ల మంట. ఊపిరితిత్తులకు, గుండెకు ఆ పొగ చేసే హాని గురించి సైన్సు పుస్తకాల్లో చదువుకుంటూనే ఉన్నాం. అయితే గత పాతికేళ్లుగా శాస్త్రవేత్తలు మరో ప్రశ్న కూడా అడుగుతున్నారు. పిల్లల మెదడు ఎదుగుదల మీద కూడా ఈ పొగ ప్రభావం ఉంటుందా? మన హాస్టళ్లలో చాలావాటికి బస్టాండో, మెయిన్ రోడ్డో, లారీలు తిరిగే బైపాసో దగ్గరలోనే ఉంటుంది. కనుక ఈ ప్రశ్న మనది కూడా. పూర్వ విద్యార్థులమైన మేము ఈ వార్షికోత్సవ సంచికకు దీన్నే పాఠంగా ఎంచుకున్నాం.

పొగలో ఏముంది?

డీజిలు, పెట్రోలు మండినప్పుడు నైట్రోజన్ డయాక్సైడ్ వంటి వాయువులతో పాటు మసి వెలువడుతుంది. కంటికి కనిపించే నల్లటి పొగ కన్నా కనిపించని కణాలతోనే ఎక్కువ చిక్కు. 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలను పి.ఎం. 2.5 అంటారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో 1000వ వంతు. తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. అంటే ఈ కణాలు వెంట్రుక మందంలో 20వ వంతు కూడా ఉండవు. ఇంజన్ల నుంచి 0.1 మైక్రాన్ కన్నా చిన్నవైన అతిసూక్ష్మ కణాలు కూడా వస్తాయి. బ్రేకులు, టైర్లు అరిగినప్పుడు లేచే ధూళి దీనికి అదనం.

ఇవి మెదడు దాకా వెళ్లడానికి రెండు దారులు ఉన్నాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మొదటిది ఊపిరితిత్తులలోని గాలి గదుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు. రెండవది ముక్కులో వాసన పట్టే నరం వెంట నేరుగా మెదడుకు. 2016లో ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెక్సికో నగరం, మాంచెస్టర్‌లకు చెందిన 37 మంది మెదడు కణజాలాన్ని పరీక్షించారు. అందులో మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజపు కణాలు కనిపించాయి. చాలా కణాలు గుండ్రంగా, అధిక వేడిలో ఏర్పడిన వాటిలా ఉన్నాయి. కణం చేరినంత మాత్రాన జబ్బు చేసిందని అర్థం కాదు. కానీ దారి ఉందన్న అనుమానం దీంతో బలపడింది. ఒంట్లోకి పరాయి కణాలు చేరితే రక్షణ కణాలు వాటితో పోరాడతాయి. ఆ పోరాటం రోజుల తరబడి సాగితే చుట్టుపక్కల నాడీకణాలకు కూడా నష్టం కలగవచ్చు.

పెద్దల కన్నా పిల్లలకు ఈ బెడద ఎక్కువ. శరీర బరువుతో పోలిస్తే పిల్లలు పెద్దల కన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. ఎత్తు తక్కువ కనుక వాళ్ల ముక్కు సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ల మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది. ఏకాగ్రత, ఆలోచన, నిగ్రహం చూసుకునే ముందుభాగం పూర్తిగా తయారయ్యేసరికి ఇరవై ఏళ్లు దాటుతుంది.

బార్సిలోనా పిల్లలు చెప్పిన సంగతి

స్పెయిన్ దేశంలో బార్సిలోనా పెద్ద నగరం. అక్కడ 39 బడుల్లో, 7 నుంచి 10 ఏళ్ల వయసున్న 2,715 మంది పిల్లలతో ఒక పరిశీలన జరిగింది. దీనికి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త జోర్డి సున్యెర్. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. కాలుష్యం ఎక్కువున్న బడికి, తక్కువున్న బడిని జోడీగా ఎంచుకున్నారు. ఆ జోడీలో కుటుంబాల ఆర్థిక స్థితి దాదాపు సమానంగా ఉండేలా చూశారు. బడి ఆవరణలోనూ, తరగతి గదిలోనూ గాలిని కొలిచారు. ఏడాదిలో 4 సార్లు పిల్లలకు కంప్యూటర్ మీద పరీక్షలు పెట్టారు.

ఆ పరీక్షల్లో ఒకటి 'పని జ్ఞాపకం' గురించి. 37కు 48 కలపమంటే, 7కు 8 కలిపి 15 అనుకుని, ఆ 1ని మనసులో పట్టుకుని, మిగతా లెక్క చేస్తాం. ఆ కాసేపు మనసులో పట్టుకునే శక్తే పని జ్ఞాపకం. డిక్టేషన్ రాయాలన్నా, పెద్ద వాక్యం అర్థం చేసుకోవాలన్నా ఇదే కావాలి.

ఇలాంటి పరీక్ష మీరూ ఆడి చూడవచ్చు. ఒకరు నెమ్మదిగా అంకెలు చదవాలి. రెండు స్థానాల ముందు వచ్చిన అంకె మళ్లీ వస్తే రెండోవారు చప్పట్లు కొట్టాలి. 4, 9, 4, 6, 2, 6, 1. ఇందులో మూడో అంకె దగ్గర, ఆరో అంకె దగ్గర చప్పట్లు పడాలి. రెండు బదులు మూడు స్థానాల ముందు అని మార్చి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇక ఫలితం. ఏడాదిలో తక్కువ కాలుష్యం ఉన్న బడుల పిల్లల పని జ్ఞాపకం 11.5 శాతం పెరిగింది. ఎక్కువ కాలుష్యం ఉన్న బడుల్లో 7.4 శాతమే పెరిగింది. మొదట ఇద్దరూ 100 దగ్గర ఉన్నారనుకుంటే ఏడాది తర్వాత ఒకరు 111.5, మరొకరు 107.4. ఇద్దరూ ఎదిగారు, ఒకరు నెమ్మదిగా ఎదిగారు. తల్లి చదువు, ఇంటి దగ్గరి గాలి వంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు.

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు గర్భిణులకు గాలిని కొలిచే పరికరం ఉన్న సంచిని తగిలించి, పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లంతా నల్లజాతి, డొమినికన్ కుటుంబాల తల్లులు. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఇంధనాలు మండినప్పుడు వచ్చే కొన్ని రసాయనాలను ఎక్కువ పీల్చిన తల్లుల పిల్లలకు 5వ ఏట తెలివి పరీక్షలో సగటున సుమారు 4 పాయింట్లు తక్కువ వచ్చాయి.

అన్ని పరిశీలనలూ ఒకే మాట చెప్పలేదు. ఐరోపాలో 6 ప్రాంతాల పిల్లల సమాచారం కలిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భంలో ఉన్నప్పటి కాలుష్యానికీ శరీర కదలికల నేర్పుకూ సంబంధం కనిపించింది. భాషకు, సాధారణ తెలివికి కనిపించలేదు. పైగా ఇవన్నీ సగటులు. రోడ్డు పక్కన చదివిన ప్రతి పిల్లవాడూ వెనకబడతాడని ఏ పరిశోధనా చెప్పలేదు. అందుకే 'ప్రభావం ఉండవచ్చు' అనే మేము రాస్తున్నాం. కానీ ఇంటి కప్పు కారుతోందన్న అనుమానం వస్తే, గోడ కూలేదాకా ఎవరమూ ఆగం కదా!

సీసం నేర్పిన పాఠం

1923లో అమెరికాలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఇంజన్ సాఫీగా నడుస్తుందని ప్రపంచమంతా దాన్నే వాడింది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల వైద్యుడు, పిల్లలకు ఊడిన పాల పళ్లను సేకరించి అందులోని సీసాన్ని కొలిచారు. సీసం ఎక్కువున్న పిల్లలకు తెలివి పరీక్షల్లో మార్కులు తక్కువ వచ్చాయి, తరగతిలో ఏకాగ్రత కూడా తక్కువగా ఉంది. ఆయన మీద విమర్శలు వచ్చాయి, విచారణలు జరిగాయి. చివరికి ఆయన మాటే నిలిచింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి వచ్చింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో ఆపేసింది.

1990లలో హాస్టళ్లలో ఉన్న మాలాంటివాళ్లం పీల్చింది ఆ సీసం పొగనే. ఆ రోజుల్లో పాఠం గుర్తుండకపోతే "నీ బుర్రలో మట్టి ఉందిరా" అనే మాట ఎంతమంది పడి ఉంటారో! బుర్రలో ఏముందని అడిగారే గానీ, గాలిలో ఏముందని ఎవరూ అడగలేదు. అడిగిన తర్వాత సీసం పోయింది. ఇదే ఈ పాఠంలో ధైర్యం ఇచ్చే భాగం.

మన గాలి సంగతి

పి.ఎం. 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. 2009లో మన దేశం పెట్టుకున్న పరిమితి 40. కనుక 'పరిమితిలోనే ఉంది' అంటే పూర్తిగా మంచిదని కాదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కూడా ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా గంధకం బాగా తగ్గించిన బి.ఎస్.-6 ఇంధనం వచ్చింది. అది మంచి మార్పే. కానీ పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మన హాస్టల్లో ఏం చేయవచ్చు?

1. రోడ్డు నుంచి దూరం పోయేకొద్దీ పొగ త్వరగా పలచబడుతుంది. కనుక స్టడీ అవర్, పడక వెనక వైపు గదుల్లో పెట్టుకుని, రోడ్డు వైపు గదులను స్టోరుకు, ఆఫీసుకు వాడుకోమని వార్డెన్ గారిని అడగవచ్చు. 2022లో బార్సిలోనాలోనే జరిగిన మరో అధ్యయనం, బడి దగ్గర వాహనాల రొద కూడా పని జ్ఞాపకం పెరుగుదలను తగ్గిస్తోందని చూపింది. గది మారిస్తే రెండు బాధలూ తగ్గుతాయి.

2. రద్దీ వేళ రోడ్డు వైపు కిటికీలు మూసి, రెండో వైపు కిటికీలు తెరవాలి. అన్నీ మూయకూడదు. ఎక్కువ మంది ఉన్న గదికి గాలి ఆడాలి.

3. బడికి లోపలి వీధి ఉంటే, అది క్షేమమైనదైతే, ఆ దారినే గుంపుగా వెళ్లండి. బస్సు కోసం నిలబడేటప్పుడు సైలెన్సర్‌కు దూరంగా ఉండండి. ముక్కుకు కట్టుకున్న చేతి రుమాలు దుమ్మును కొంత ఆపుతుంది గానీ సూక్ష్మ కణాలను ఆపలేదు.

4. సరుకుల లారీ, ఆటో గేటు దగ్గర ఆగితే ఇంజన్ ఆపమని మర్యాదగా చెప్పండి. చెత్త, ఆకులు కాల్చవద్దు. ఆ మసి కూడా ఇలాంటిదే. ఊడ్చే ముందు నీళ్లు చల్లండి.

5. ప్రహరీ వెంట వేప, కానుగ, వాటి మధ్య గుబురుగా పెరిగే మొక్కలు నాటండి. బార్సిలోనాలో 2,593 మంది పిల్లలను చూస్తే, పచ్చదనం ఉన్న బడుల్లో పని జ్ఞాపకం బాగా పెరిగింది. ఆ మేలులో 20 నుంచి 65 శాతం దాకా మసి తగ్గడం వల్లే కావచ్చని 2015లో తేల్చారు.

6. కొత్త హాస్టల్ భవనానికి స్థలం చూస్తున్నారని తెలిస్తే, హైవే ఎంత దూరమో అడుగుతూ అధికారులకు అర్జీ పెట్టాలి. ఇది ముఖ్యంగా పూర్వ విద్యార్థులు మోయవలసిన పని. పిల్లలు గది మార్చుకోగలరు గానీ, భవనాన్ని జరపలేరు.

రోడ్డు పక్కన అద్దెకు దొరికిన భవనం, బస్టాండు వెనక స్థలం ఎవరి పిల్లల వంతుకు వస్తాయో మనకు తెలుసు. పుస్తకాలు, దుప్పట్లు, ట్రంకు పెట్టె అడిగి సాధించుకున్నట్టే మంచి గాలిని కూడా అడగాలి. అదీ చదువు సామగ్రే. పాఠం ఒకసారికి గుర్తుండకపోతే రెండుసార్లు చదవండి, కానీ మీ బుర్రను మీరు తిట్టుకోకండి. ముందు లేచి, ఏ కిటికీ రోడ్డు వైపు ఉందో చూడండి.