ఇంటి స్టూడియో: సాధనాల ఎంపికలో పాటింపదగిన సూత్రం

సాధనం లేని సంగీతం అరుదు. గాయకునికి శ్రుతిపెట్టె కావలెను. కవ్వాలీ బృందానికి ఢోలక్ కావలెను. రంగస్థల నటునికి హార్మోనియం కావలెను. అయితే సాధనం కళకు సేవ చేయవలెనే గాని కళను తన కొలతకు కుదించరాదు. నేడు కంప్యూటరు ఉన్న ప్రతి గదీ ధ్వనిముద్రణశాల కాగలుగుతున్నది. సంగీతాభిలాష గల మన విద్యార్థులు "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ఏ ప్లగిన్లు కొనవలెను?" అని మమ్ము తరచు ప్రశ్నిస్తుంటారు. పేర్ల పట్టికతోనే సమాధానం చెప్పవచ్చును. కాని పట్టికలు మారిపోతుంటాయి, సూత్రం నిలుస్తుంది. అందుచేత ముందుగా సూత్రాన్ని, తరువాత సాధనాలను పరిశీలిద్దాము.

చరిత్ర చెప్పే పాఠం

భారతదేశంలో వాణిజ్య ధ్వనిముద్రణ గొప్ప భవనంలో ఆరంభం కాలేదు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ పక్షాన వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో ఒక హోటలు గదిలోనే యంత్రాన్ని అమర్చి గౌహర్ జాన్ గానాన్ని ముద్రించాడు. కనుక ఇంటి గదిలో స్టూడియో అనేది వింత విషయం కాదు. అయితే నాటి రికార్డుపై పట్టే కాలం సుమారు మూడు నిమిషాలే. గంటసేపు విస్తరింపదగిన రాగాన్ని ఆ వ్యవధిలో ముగించవలసి వచ్చింది. యంత్రపు పరిమితి గానానికి పరిమితి అయింది.

మరొక ఉదాహరణ: 1940లో ఆకాశవాణి హార్మోనియంను నిషేధించింది. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. పన్నెండు స్థిర స్వరాల మెట్లపై గమకం, మీండు పలకవన్నదే ప్రధానమైన ఆక్షేపణ. అయినను కవ్వాలీగాని, మన నాటకరంగంగాని హార్మోనియంను విడువలేదు. గాయకుడు మెట్ల నడుమనున్న స్వరాన్ని కంఠంతో పలికించి, వాద్యాన్ని ఆధారంగా మాత్రమే ఉంచుకొన్నాడు. సాధనపు హద్దు తెలిసినవానికి సాధనం వలన హాని లేదని దీనివలన గ్రహింపవచ్చును.

మన సీమ గానం, యంత్రపు గడులు

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం పద్యగానాన్ని ఊరూరా వినిపించింది. రంగస్థల పద్యానికి ఛందస్సు ఉన్నది గాని, గడియారపు తాళం లేదు. నటుడు ఒక పాదాన్ని వడిగా చదివి, చివరి అక్షరంపై ఆలాపన సాగిస్తాడు. కవ్వాలీ మెల్లగా మొదలై, చప్పట్లతో క్రమంగా వేగం పుంజుకొంటుంది. మొహర్రం దినాలలో పీర్ల చావిడి ముందు హిందువులు, ముస్లిములు కలసి పాడే తెలుగు పాటలలో అడుగుల లయయే తాళం.

ఇట్టి గానాన్ని ముద్రింపబూనినవాడు సాఫ్ట్‌వేర్ తెరువగానే ఏమి చూస్తాడు? నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు దెబ్బలకొక గడి! ఇది యంత్రపు అలవాటు. మన గానపు అవసరం కాదు. గడులకు అంటుకొనే సౌకర్యాన్ని, తాళపు టిక్కు శబ్దాన్ని ముందే ఆపివేయవలెను. అదే విధంగా 1997లో వెలువడిన ఆటోట్యూన్ వంటి స్వరశోధక సాధనాలను అజాగ్రత్తగా వాడినచో అవి గమకాన్ని తప్పుగా భావించి, సమీపస్వరానికి లాగివేస్తాయి. నునుపైన జారు మెట్లుమెట్లుగా తెగిపోతుంది. కాబట్టి మన సూత్రం ఇది: ముద్రింపబోయే గానాన్ని ముందు నిర్ణయించుకొని, దానికి లోబడే సాధనాన్ని ఎన్నుకొనవలెను.

ముందుగా గది

సాఫ్ట్‌వేర్ కంటె గది ముఖ్యం. మన ఇండ్లలో కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు పరచిన నేలలే ఎక్కువ. వేసవిలో చల్లనిచ్చే ఈ రాయి శబ్దాన్ని పీల్చుకొనదు, తిప్పికొడుతుంది. ఈ మారుమ్రోత పాటలో కలసిన తరువాత దానిని వేరుచేయడం మిక్కిలి కష్టం. లేని ప్రతిధ్వనిని ప్లగిన్‌తో చేర్చవచ్చును గాని, ఉన్నదానిని శుభ్రంగా తీయలేము. నేలపై జంపఖానా, గోడలపై మందపాటి బొంతలు, గాయకుని వెనుక బట్టల అలమర - వీనితోనే సగం పని పూర్తవుతుంది. ముద్రణ సమయంలో ఫ్యాను ఆపవలెను. ఎండకాలంలో ఇది కష్టమే. కాబట్టి తెల్లవారుజామును ఎన్నుకొనుట మేలు.

గది మ్రోత ఎక్కువగా ఉన్నచోట డైనమిక్ మైకు, నిశ్శబ్దమైన గదిలో కండెన్సర్ మైకు అనుకూలం. కండెన్సర్ మైకునకు సాధారణంగా 48 వోల్టుల విద్యుత్తును ఆడియో ఇంటర్‌ఫేస్ అందించవలెను. ఒక కంఠం, ఒక వాద్యం ముద్రించుటకు రెండు మైకులు పట్టే ఇంటర్‌ఫేస్ చాలును.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

ఒకే కంఠాన్ని ముద్రించి, కత్తిరించి, శుభ్రపరచుటకు ఆడాసిటీ చాలును. 2000లో వెలువడిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. విండోస్, మాక్, లినక్స్ మూటిలోను పనిచేస్తుంది. అనేక వాద్యాలను వేరు వేరు ట్రాకులలో ముద్రించి కలుపవలెనన్నచో రీపర్ తగినది. దీనిని 60 దినములు పరీక్షించి చూడవచ్చును. పిదప వ్యక్తులకు, విద్యాసంస్థలకు తక్కువ ధర లైసెన్సు లభిస్తుంది. లినక్స్ వాడేవారికి ఆర్డర్ కలదు. ఆపిల్ యంత్రం ఉన్నవారికి గరాజ్‌బ్యాండ్ ఉచితంగా లభిస్తుంది. దరువులు పేర్చి, ఎలక్ట్రానిక్ సంగీతం కూర్చదలచినవారికి ఎఫ్‌ఎల్ స్టూడియో తగినది. కాని పద్యగానం ముద్రించుటకు అది మొదటి ఎంపిక కానేరదు.

దొంగ ప్రతులను వాడరాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం అది నేరమే గాక, వైరసులకు ద్వారం తెరచుట కూడా. పైగా పరుల కళాఫలాన్ని అపహరించి మన కళను నిర్మించుట ధర్మం కాదు.

సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్ల లోతు ఎంచుకొనుట మంచిది. ఈ లెక్కన ఒక మైకు ముద్రణ నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్ల చోటు తీసుకొంటుంది. కవ్వాలీలో గుసగుస వంటి ఆరంభానికి, బృందగానపు ఉప్పెనకు నడుమ వ్యత్యాసం పెద్దది. కాబట్టి అత్యంత బిగ్గర భాగం కూడా సున్నా డెసిబెల్‌కు 6 నుండి 12 డెసిబెళ్ళ దిగువనే ఉండునట్లు చూడవలెను. సున్నా దాటిన శబ్దం పగిలిపోతుంది. తరువాత ఏ ప్లగిన్ కూడా దానిని పూర్తిగా అతుకజాలదు.

ప్లగిన్లు: నాలుగు చాలును

1996లో జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ ప్రవేశపెట్టిన వీఎస్‌టీ పద్ధతి వలన ఒకరి సాఫ్ట్‌వేర్‌లో మరొకరి సాధనం పనిచేయుట సులభమైనది. కాని ప్రతి ప్లగిన్ ప్రతిచోటా పనిచేయదు. ఏఏఎక్స్ పద్ధతి ప్రోటూల్స్ కొరకే ఏర్పడినది. కొనుటకు ముందు ఈ పొందిక సరిచూడవలెను.

ఆరంభకులకు నాలుగు రకాలు చాలును. ఈక్వలైజర్ మైకులో చేరిన అనవసరపు గుంభనాన్ని తగ్గిస్తుంది. కంప్రెసర్ బిగ్గర, మెల్లని భాగాల తేడాను కుదిస్తుంది. దీనిని అతిగా వాడినచో కవ్వాలీలోని ఉప్పెన చచ్చిపోతుంది. శబ్దనిర్మూలన సాధనం నిశ్శబ్ద ఖండాన్ని నమూనాగా గ్రహించి ఒకే రీతి హోరును తగ్గిస్తుంది. కాబట్టి ప్రతి ముద్రణకు ముందు పది సెకనులు మౌనంగా గదిని ముద్రించవలెను. రివర్బ్ కంఠానికి విశాలత ఇస్తుంది. ఈ నాలుగూ రీపర్‌లో ముందుగానే చేరియున్నవి. వానిని చక్కగా నేర్చిన పిదపనే కొత్తవి కొనుట వివేకం.

భద్రపరచుట

మా దృష్టిలో ఇదియే అన్నిటికంటె ముఖ్యం. ఊరి వృద్ధగాయకుడు పాడిన పీర్ల పాట ఆయనతోనే అంతరించవచ్చును. సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు ఇరువది ఏండ్ల తరువాత తెరుచుకొంటుందో లేదో! కనుక ప్రతి ట్రాకును వేవ్ ఫైలుగా, ఏ మార్పూ చేయకుండా, రెండు వేరు వేరు చోట్ల దాచవలెను. గాయకుని పేరు, ఊరు, తేదీ వ్రాసిపెట్టవలెను. ఆయన అనుమతి పొందవలెను. 1994 సవరణ మన చట్టంలో కళాకారునికి తన ప్రదర్శనపై హక్కు కల్పించినది. మెరుగులు దిద్దుట ప్రతిపై మాత్రమే జరుగవలెను.

విద్యార్థి మిత్రులు ఖరీదైన సాధనాలు లేవని వెనుకాడవద్దని మా మనవి. ఒక కంప్యూటరు, ఒక మైకు, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్, నాలుగు బొంతలు - వీనితో పని ఆరంభించవచ్చును. కళాశాల పాలకవర్గంవారు ఒక చిన్న గదిని, ఒక ఇంటర్‌ఫేస్‌ను సమకూర్చినచో ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు కలసి ఈ సీమ గళాలను పదిలపరుపగలరు. సాధనం ఎంత కొత్తదైనను, వినిపించవలసినది మనిషి గొంతే.