నాలుగో జ్వరం లేచినాక మొదటి మూడు రోజులు

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగినాడు: "నాలుగో జ్వరం లేచినాక మొదట్లో పురుగు ఎట్లాగూ తక్కువే తింటుంది కదా. అప్పుడు పండుబారిన ఆకు వేసి, మంచి ఆకు ఆఖరికి దాచుకుంటే ఏమి?" నేనూ ఒక పంటలో అట్లే చేసినా. గూళ్ళు పలుచగా వచ్చినాయి. ఎందుకో తెలియాలంటే పట్టు గ్రంథి లోపల చూడాల.

పురుగుకి రెండు పట్టు గ్రంథులు. వాటిలో కణాలు ఎన్ననేది గుడ్డులో ఉన్నప్పుడే ఖాయం. వేరే కణాలైతే డీఎన్ఏని కాపీ చేసుకొని రెండుగా చీలతాయి. ఇవి చీలవు. డీఎన్ఏ జంట పోగు విడిపోతుంది, ఒక్కొక్క పోగు పక్కన కొత్త జోడు కట్టుకుంటుంది, ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. కణం మాత్రం ఒకటే, లావు అవుతా పోతుంది. ఇట్లా 18 సార్లు రెట్టింపైతే 2,62,144 అవుతుంది, లెక్క వేసి చూడండి. పట్టు గ్రంథి కణంలో నిజంగానే లక్షల కాపీలుంటాయి.

ఈ కాపీ పని ఐదో దశ మొదటి రోజుల్లో జోరుగా సాగి, సగానికల్లా ఆగిపోతుంది. ఆ తర్వాతే అసలు పట్టు తయారీ.

పట్టులో ముఖ్యమైన ప్రోటీన్ ఫైబ్రోయిన్. దాని జీన్ అసలు పహణి లాంటిది, ఆఫీసు దాటి బయటికి రాదు. దాని నకలు ఆర్‌ఎన్ఏగా బయటికి వస్తుంది. రైబోజోమ్ ఆ నకలుని మూడేసి అక్షరాలుగా చదువుతుంది. జీ-జీ-యూ అంటే గ్లైసిన్ తగిలించు, జీ-సీ-యూ అంటే అలనిన్ తగిలించు. ఫైబ్రోయిన్‌లో ముప్పాతిక భాగం ఈ రెండే. 1972లో సుజుకి, గేజ్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టినారు: ఒక్క జీన్ నుంచి సుమారు 10,000 నకళ్ళు, ఒక్కో నకలు నుంచి సుమారు లక్ష ప్రోటీన్లు, అదీ నాలుగు రోజుల్లో. అంటే ఒక్క జీన్‌కి 100 కోట్లు! నాకైతే నమ్మడానికి కొంచెం టైం పట్టింది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. మొదటి రోజుల్లో ఆకులో సత్తువ లేకపోతే కాపీలు, గ్రంథి పెరుగుదల రెండూ దెబ్బతింటాయి. ఆఖర్లో ఎంత మంచి ఆకు వేసినా, నకలు తీయడానికి అసలు పత్రాలే తక్కువైనప్పుడు ఏం లాభం? అట్లని ఆఖర్లో ఆకు తగ్గించమని కాదు. గ్లైసిన్, అలనిన్‌కి సరుకు ఆకులోని ప్రోటీన్ నుంచే రావాల.

తోటలో ఆకు చాలదని ముందే తెలిస్తే చాకీ తెచ్చేటప్పుడే 100 గుడ్లకు బదులు 75 తెచ్చుకోండి.