హెవీ లైసెన్సు చేతికొచ్చిన మేనల్లుడికి

రాజోలు



నీకు హెవీ లైసెన్సు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. కువైట్ ప్రయత్నంలో ఉన్నావనీ, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఉంటుందని డిక్షనరీ ముందేసుకుని బట్టీ పడుతున్నావనీ కూడా చెప్పింది. ఆ బట్టీ సంగతే రాద్దామని కూర్చున్నాను.

మాటకెదురుగా ఒక అర్థం రాసుకుని చదవడం వస్తువుల పేర్ల వరకు నడుస్తుంది. టైరంటే టైరే, బ్రేకంటే బ్రేకే. విశేషణాల దగ్గరే చిక్కంతా. అంతెందుకు, నీ లైసెన్సుకు తగిలించి చెప్పుకుంటున్న హెవీనే తీసుకో. డిక్షనరీలో ‘బరువైన’ అని ఉంటుంది. లైసెన్సు వరకు అది సరిగ్గా అతుకుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి, అది మోయదగ్గ సరుకు కలిపి 12,000 కిలోలు దాటితేనే హెవీ గూడ్స్ వెహికల్. అంబాజీపేటలో కొబ్బరి లోడెత్తి పైరాష్ట్రాలకు బయల్దేరే పెద్ద లారీలు ఆ కోవలోవే.

ఇప్పుడు ఆ లారీ ఎక్కి కూర్చో. స్టీరింగ్ హెవీగా ఉందంటే దాన్నెవరూ కాటా వెయ్యలేదు, తిప్పేసరికి భుజాలు పడిపోతున్నాయని. క్లచ్ హెవీ అంటే గట్టిగా తొక్కితేగాని దిగదని. బండి డీజిల్ మీద హెవీ అన్నారంటే తెగ తాగేస్తుందని. ట్రాఫిక్ హెవీ అంటే రద్దీ. ఫైన్ హెవీ అంటే జేబు ఖాళీ. సీట్లోంచి దిగకుండానే ఒక్క మాట ఇన్ని వేషాలు వేసింది చూశావా! అన్నిట్లోనూ ఉన్న సారం ఒక్కటే: మామూలుకన్నా ఎక్కువైంది, దాన్ని ఎవరో ఒకరు మోయాల్సి వస్తోంది.

వానకైతే దీనికి లెక్కే ఉంది. వాతావరణ శాఖ బులెటిన్‌లో హెవీ రెయిన్ అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వాన. ఆపైన వెరీ హెవీ. 204.4 దాటితే ఎక్స్‌ట్రీమ్లీ హెవీ. మన పేపర్లు భారీ, అతి భారీ, అత్యంత భారీ అని రాసేవి వీటినే. 1996 నవంబరు 6 తుపాను చూసిన మా వయసువాళ్లకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. కానీ గాలి దగ్గరికొచ్చేసరికి హెవీ పనికిరాదు, స్ట్రాంగ్ అనాలి. ఎందుకని అడక్కు, అది వాళ్ల వాడుక. చిక్కటి టీ అంటాం గాని మనం మాత్రం బలమైన టీ అంటామా? వాళ్లకు టీ కూడా స్ట్రాంగే. జ్వరం హై, స్పీడు హై, డీజే సౌండు లౌడ్. మనవాళ్లు వీటన్నిటికీ హెవీయే తగిలించేస్తారు. మనలో మనకు పరవాలేదు, ఇంటర్వ్యూలో మాత్రం వద్దు.

ఇంకో ఉచ్చు ఉంది, చదువుకున్నవాళ్లు కూడా అందులో పడుతుంటారు. మన ‘భారీ’ కనిపించిన ప్రతిచోటా హెవీ పెట్టేస్తారు. మనకు భారీ మెజారిటీ ఉంటుంది, భారీ బడ్జెట్ సినిమా ఉంటుంది, భారీ జీతం కూడా ఉంటుంది. ఇంగ్లీషువాడికి వీటిలో ఏదీ హెవీ కాదు. మెజారిటీ హ్యూజ్, బడ్జెట్ బిగ్, జీతం హై. ఓడినవాడిది మాత్రం హెవీ డిఫీటే! నష్టం హెవీ, అప్పులు హెవీ, గుండె హెవీ. కష్టం పక్కన ఇట్టే కుదురుకునే ఈ మాట సంబరం పక్కకు పెద్దగా రాదు. అందుకే ‘హెవీ శాలరీ కావాలి’ అని ఇంటర్వ్యూలో అనబోకు.

బ్రౌన్ దొర 1852లో అచ్చువేయించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఎక్కడైనా దొరికితే తిరగెయ్యి. ఆయన అర్థం ఒకటి పడేసి ఊరుకోలేదు, ఆ మాటను మనవాళ్లు ఎలా వాడతారో పక్కనే చూపించుకుంటూ పోయాడు. నీ నోటుబుక్కూ అలాగే ఉండాలి. హెవీ అని ఒంటరిగా రాయకు. హెవీ రెయిన్, హెవీ ట్రాఫిక్, హెవీ ఫైన్ అని జంటగా రాసుకో, ఎదురుగా తెలుగులో మనం నిజంగా ఏమంటామో అది రాయి: జోరు వాన, రద్దీ, భారీ జరిమానా. మొద్దునిద్ర పోయేవాణ్ణి హెవీ స్లీపర్ అంటారు, నీకు పనికొచ్చే మాటే, అదీ చేర్చు. రోజుకు నాలుగు జంటలు చాలు. పైకి చదువు. నోరు తిరగాలి.

చివరిగా అసలు పని. ఏజెంటు ఇచ్చే ఒప్పందం కాగితంలో నీ ఉద్యోగం హెవీ డ్రైవర్ అని ఉందో, లైట్ డ్రైవర్ అని ఉందో, హౌస్ డ్రైవర్ అని ఉందో చూసుకో. నడిపే బండి, చేసే చాకిరీ, వచ్చే జీతం ఆ ఒక్క మాట మీదే మారిపోతాయి. ఫోన్లో ఆయన ఎంత తియ్యగా చెప్పినా సంతకం పెట్టకు. ముందు ప్రతి పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

ఇట్లు
మీ మామయ్య